అమ్మ దాచిన సుందరకాండను ఎక్కడ తెరవాలి?

ప్రశ్న: గురువుగారికి నమస్కారం. నా వయస్సు 46. విశాఖపట్నం మర్రిపాలెంలో ఉంటాను, ఒక సంస్థలో పద్దులు చూస్తాను. మా అమ్మ ముప్ఫై ఏళ్ళపాటు తెల్లవారుజామున లేచి సుందరకాండ పారాయణ చేసేది. కిందటి ఏడాది ఆమె కాలం చేశాక ఆ పుస్తకం నా చేతికి వచ్చింది. శ్లోకాలు తెలుగు లిపిలో ఉన్నాయి, కింద తాత్పర్యం ఉంది. పన్నెండవ సర్గ దగ్గర సింహాచలం బస్సు టికెట్టు ఒకటి గుర్తుగా పెట్టి ఉంది. నాకు సంస్కృతం రాదు. ఈ వయస్సులో మూలం చదవాలనుకోవడం అత్యాశా? మిగిలిన కాండల తాత్పర్యాలు తెచ్చి తిరగేస్తే లక్ష్మణరేఖ కనబడలేదు, ఉడుత కనబడలేదు. మా అమ్మమ్మ చెప్పినవన్నీ అబద్ధాలేనా అని మనసు కలుక్కుమంది. తరువాత భారతం కూడా చదవాలని ఉంది గానీ, అది ఇంట్లో ఉంటే కలహాలు వస్తాయని మా అత్తగారు వద్దంటున్నారు. తెలుగు భారతం ఉండగా సంస్కృతం దేనికని మావారు అంటున్నారు. ఏం చేయమంటారు?
— ఒక పాఠకురాలు

సమాధానం: అమ్మా, మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. మీరు అడిగినది అత్యాశ కాదు. సంస్కృతం రాదని మీరు అనుకుంటున్నారు గానీ, తెలుగు చదువుకున్న మనిషికి ఇతిహాసాల సంస్కృతంలో సగం మాటలు ముందే పరిచయమై ఉంటాయి. మిగిలిన సగం కోసం కొంత ఓపిక, ఒక మంచి ప్రతిపదార్థం ఉన్న పుస్తకం, ప్రతిరోజూ ఒక అరగంట ఉంటే సరిపోతుంది.

నేను సంస్కృతం నేర్చుకున్న పాఠశాలలో రెండేళ్ళపాటు ‘రామః రామౌ రామాః’ అంటూ శబ్దాలు, ధాతురూపాలు మాత్రమే వల్లెవేయించారు. ఆ రెండేళ్ళలో రామాయణంలోని ఒక్క శ్లోకమైనా మా చెవిన వేయలేదు. శబ్దాలు అవసరమే, కాదనను. కానీ నాతో చేరిన వారిలో చాలామంది కావ్యం గడప తొక్కకుండానే వెళ్ళిపోయారు, ఆ నష్టం నాకు ఈనాటికీ బాధగానే ఉంది. అందుకే ఎవరు అడిగినా నేను చెప్పేది ఒక్కటే: ముందు గొంతెత్తి చదవండి, అర్థం ఆ వెనుక వస్తుంది, వ్యాకరణం ఆ అర్థం వెంట వస్తుంది. ఈ కావ్యాలు పుట్టింది కూడా అలాగే. బోయవాడు క్రౌంచ పక్షిని కొట్టినప్పుడు వాల్మీకి నోట అప్రయత్నంగా మాట వెలువడింది. అది పాదాలుగా కుదిరి, సమానమైన అక్షరాలతో, తంత్రీలయతో, అంటే వీణ తీగల లయతో, కూడి ఉన్నదని ఆయనే గుర్తించి, శోకంలోంచి వచ్చింది కనుక శ్లోకమే అగుగాక అన్నాడని బాలకాండ చెబుతోంది. ఆ తరువాత కుశలవులు దానిని రాముడి ఎదుట గానం చేశారు. భారతమూ అంతే. వైశంపాయనుడు జనమేజయుని సర్పయాగంలో దానిని చెప్పాడు, ఉగ్రశ్రవసుడనే సూతుడు నైమిశారణ్యంలో శౌనకాది మునులకు మళ్ళీ చెప్పాడు. వినడానికి కట్టిన కావ్యాన్ని పెదవి కదపకుండా కంటితో చదివితే, అది సగమే మనకు అందుతుంది.

మీ అమ్మగారు టికెట్టు పెట్టిన చోటునే తీసుకుందాం. హనుమంతుడు లంక అంతా గాలించాడు. పదవ సర్గలో రావణుడి అంతఃపురంలో నిద్రిస్తున్న మండోదరిని చూసి ఆమే సీత అనుకొని, సంతోషం పట్టలేక తోకను ముద్దాడి, స్తంభాలెక్కి కిందికి దూకి, పాడి, ఆడి, కోతి స్వభావాన్ని బయటపెట్టుకున్నాడు. తరువాత ఆమె సీత కాదని తేల్చుకొని, ఎంత వెదకినా సీత జాడ లేక, పన్నెండవ సర్గలో కుంగిపోతాడు. నూరు యోజనాల సముద్రం దాటి వచ్చినవాడు ఆ రాత్రి ఒంటరిగా కూర్చొని, తనకు తానే ఈ మాట చెప్పుకొంటాడు:

అనిర్వేదః శ్రియో మూలమనిర్వేదః పరం సుఖమ్ |
అనిర్వేదో హి సతతం సర్వార్థేషు ప్రవర్తకః ||

ఇందులో మీకు తెలియని మాట ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టండి. నిర్వేదం తెలుసు, నిరాశతో చతికిలబడిపోవడం. దానికి ముందు ‘అ’ చేరితే అనిర్వేదం. శ్రీ, మూలం, పరమైనది, సుఖం, సతతం, సర్వం, అర్థం ఇవన్నీ మనం వాడుకునే మాటలే. ప్రవర్తకుడంటే నడిపించేవాడు. తెలియనిది ‘హి’ ఒక్కటే, ‘కదా’ అని దాని భావం. దిగులుపడకుండా ఉండటమే సంపదకు మూలం, అదే గొప్ప సుఖం, అన్ని పనులలోనూ మనిషిని ఎల్లప్పుడూ నడిపించేది అదే కదా. చూశారా, వ్యాకరణం ముట్టకుండానే ఒక శ్లోకం మీ సొంతమైంది. బెదరగొట్టేదల్లా ‘మూలమనిర్వేదః’ అని రెండు మాటలు కలిసిపోయి కనబడటం. బిగ్గరగా చదివి, ‘మూలమ్’ అన్నచోట ఊపిరి తీసుకుంటే సంధి దానంతట అదే విడిపోతుంది.

ఇప్పుడు దీనినే వేళ్ళమీద లెక్కపెడుతూ చదవండి. ఇది అనుష్టుప్పు. నాలుగు పాదాలు, పాదానికి ఎనిమిది అక్షరాలు, మొత్తం ముప్ఫైరెండు. మన పద్యాలకున్న ప్రాస, యతిమైత్రి దీనికి లేవు. ఉన్న నియమమంతా పాదం చివరి భాగంలో ఉంటుంది: అయిదవ అక్షరం లఘువు, ఆరవది గురువు, ఏడవది మొదటి, మూడవ పాదాలలో గురువు, రెండవ, నాలుగవ పాదాలలో లఘువు. ‘శ్రియో మూలమ్’ అన్నచోట ‘శ్రి’ లఘువు, ‘యో’ గురువు, ‘మూ’ గురువు. ‘పరం సుఖమ్’ అన్నచోట ‘ప’ లఘువు, ‘రం’ గురువు, ‘సు’ లఘువు. మొదటి పాదం తూగి నిలబడినట్లు, రెండవ పాదం దిగి ఆగినట్లు వినబడేది ఈ ఏడవ అక్షరం వల్లనే. మూడవ పాదానికి వచ్చేసరికి ‘హి సతతం’ అని మూడు లఘువులు వరుసగా పడతాయి. అది తప్పు కాదు, అలాంటి పాదాన్ని ఛందశ్శాస్త్రం విపుల అంటుంది. వేల శ్లోకాలు ఒకే నడకలో సాగితే చెవికి విసుగు పుడుతుంది, ఋషులు అక్కడక్కడ నడక మార్చారు. ఆ మార్పు పట్టుకోగలిగిన రోజున మీరు వాల్మీకిని వింటున్నట్లు లెక్క. సర్గ చివర తరచుగా ఛందస్సే మారి, పొడవైన వృత్తం ఒకటో రెండో వస్తాయి. అక్కడ వేగం తగ్గించి చదవండి.

ఒక్క విషయంలో మాత్రం తెలుగు మనలను మోసం చేస్తుంది. మాట అదే అయి, అర్థం వేరుగా ఉండే చోట్లు ఉన్నాయి. భీష్మపర్వంలోని భగవద్గీతలో ‘వ్యవసాయాత్మికా బుద్ధిః’ అని ఉంటే అది పొలం దున్నే బుద్ధి కాదు, నిశ్చయంతో కూడిన బుద్ధి. సుందరకాండలోనే ముప్ఫై నాలుగవ సర్గలో, రాముడి కబురు విన్న సీత ‘కల్యాణీ బత గాథేయం’ అంటుంది. మనకు కల్యాణం అంటే పెళ్ళి, అక్కడ శుభమైన నానుడి అని భావం. బ్రతికి ఉంటే నూరేళ్ళకైనా మనిషికి ఆనందం ఎదురువస్తుందన్న లోకోక్తి ఎంత మంచిది అని ఆమె అంటున్నది. కనుక తెలిసిన మాటైనా సరే, ప్రతిపదార్థంలో ఒకసారి సరిచూసుకోవడం అలవాటు చేసుకోండి. మీ పుస్తకంలో తాత్పర్యమే ఉన్నదన్నారు, అది చాలదు. మాటమాటకూ అర్థం ఉన్న ప్రతి కావాలి. గోరఖ్‌పూర్ గీతాప్రెస్ వాల్మీకి రామాయణాన్ని తెలుగు లిపిలో అచ్చువేసింది. కొనేముందు ద్వారకానగర్‌లోని పౌర గ్రంథాలయంలో రకరకాల ప్రతులు ఏమున్నాయో అడిగి, మీ కంటికి అక్షరం ఇబ్బంది పెట్టనిదాన్ని చూసుకోండి. శ్లోకం ఎక్కడైనా ముడిపడితే, ఆంధ్ర విశ్వవిద్యాలయంలో సంస్కృత విభాగం మీకు ఎంతో దూరంలో లేదు. అక్కడ చదివే పిల్లలను అడగడానికి మొహమాటపడకండి.

ఇక అమ్మమ్మ కథల సంగతి. ఇది మిమ్మల్ని ఎక్కువగా బాధించిందని అర్థమైంది కనుక నిదానంగా చెబుతాను. వాల్మీకంలో లక్ష్మణుడు గీత గీయలేదన్నది నిజం. మరి ఏం చేశాడు? అరణ్యకాండ నలభై అయిదవ సర్గ చూడండి. సీత అనరాని మాటలు అంటుంది. లక్ష్మణుడు చేతులు జోడించి, కోపాన్నీ దుఃఖాన్నీ దిగమింగి, ‘రక్షంతు త్వాం విశాలాక్షి సమగ్రా వనదేవతాః’, ఈ వనదేవతలందరూ నిన్ను కాపాడుగాక అని చెప్పి, వెనుదిరిగి చూస్తూ చూస్తూ వెళ్ళిపోతాడు. ఆమెకు ఏ కంచే వేయలేక, అడవికే ఆమెను అప్పగించిన ఆ నిస్సహాయత నన్ను చదివిన ప్రతిసారీ కదిలిస్తుంది. గీత కథ తరువాతి కాలంలో, ఆ నిస్సహాయతను ఓర్చుకోలేని మనసుల్లో పుట్టి ఉంటుందని నా నమ్మకం. ఉడుత కూడా అంతే. యుద్ధకాండలో నలుడి చేతిమీదుగా వానరులు మొదటిరోజు పద్నాలుగు, తరువాత ఇరవై, ఇరవై ఒకటి, ఇరవై రెండు, ఇరవై మూడు చొప్పున అయిదు రోజుల్లో నూరు యోజనాల వారధి కట్టారు. అందులో ఉడుత లేదు. కానీ మన రంగనాథ రామాయణంలో ఉడుత ఉంది, మన భాషలో ‘ఉడుతాభక్తి’ అన్న మాట ఉంది, ఆ మాట లేకుండా తెలుగువాడు ఒక చందా కూడా ఇవ్వలేడు. దానిని అబద్ధమని ఎలా అంటాం? అహల్య విషయంలోనూ వాల్మీకి చెప్పినది వేరు. ఆమె రాయి కాలేదు, గాలే ఆహారంగా, బూడిదలో శయనిస్తూ, ఎవరికీ కనబడకుండా ఉండిపోయింది.

మన దగ్గరి భీమిలికి భీముడి పేరే వచ్చిందని అక్కడివారు చెప్పుకొంటారు, బకాసురుడిని చంపినది అక్కడే అనేవారూ ఉన్నారు. ఆదిపర్వం ఆ కథను ఏకచక్రపురంలో నడిపింది. ఈ రెండింటిలో ఒకటి నిలవాలంటే రెండవది పోవాలని నేను అనుకోను. పుస్తకంలో ఏమున్నదో కచ్చితంగా తెలుసుకోండి. ఊరు ఏం చెప్పుకొంటున్నదో దానిని ఊరి మాటగా గౌరవించండి. వాల్మీకి అన్నాడని మాత్రం అమ్మమ్మ మాటను ఎవరికీ చెప్పకండి, అమ్మమ్మ మాటగానే చెప్పండి.

అసలు ‘మూలం’ అన్నది కూడా ఒక్కటిగా లేదు. వాల్మీకి రామాయణం ఇరవైనాలుగు వేల శ్లోకాలని, భారతం లక్ష శ్లోకాలని సంప్రదాయం. అయితే వ్రాతప్రతులు ఉత్తరాదిన ఒక తీరుగా, దక్షిణాదిన మరొక తీరుగా పెరిగాయి. పుణెలోని భండార్కర్ ప్రాచ్యవిద్యా సంస్థవారు 1919లో పూనుకొని, సుక్తంకర్ వంటి మహాపండితుల ఆధ్వర్యంలో 1,259 వ్రాతప్రతులను పోల్చిచూసి, 1966లో భారత పరిష్కృత పాఠాన్ని పూర్తిచేశారు. ఆదిపర్వాన్ని పరిష్కరించేటప్పుడు నన్నయ తెలుగును కూడా వారు సాక్ష్యంగా పరిశీలించారు. నన్నయ కాలానికి సంస్కృత ప్రతి ఎలా ఉండేదో దానినిబట్టి కొంత తెలుస్తుంది. రామాయణానికి ఇటువంటి పని బరోడాలో జరిగి, 1960 నుండి 1975 వరకు సంపుటాలుగా వెలువడింది. మీరు ప్రస్తుతం ఆ పరిష్కృత పాఠాల జోలికి పోనక్కరలేదు. అమ్మగారి పుస్తకంలో ఉన్న పాఠమే చదవండి. ఆ చిన్న తేడాలు శ్లోకం నోటికి వచ్చిన తరువాత చూసుకోదగినవి.

మీవారి ప్రశ్న మంచిది. తెలుగు భారతం ఉండగా సంస్కృతం దేనికి? దీనికి ఒక్కచోటు చూపిస్తాను. ఉద్యోగపర్వంలో శ్రీకృష్ణుడు రాయబారానికి వచ్చి కౌరవసభలో అంటాడు:

యత్ర ధర్మో హ్యధర్మేణ సత్యం యత్రానృతేన చ |
హన్యతే ప్రేక్షమాణానాం హతాస్తత్ర సభాసదః ||

ఎక్కడ చూస్తూ ఉండగానే ధర్మం అధర్మంచేత, సత్యం అసత్యంచేత చంపబడుతుందో, అక్కడి సభాసదులు చచ్చినవారే. తిక్కన దీనిని ఉత్పలమాలలో ఇలా చెప్పాడు:

సారపు ధర్మమున్ విమల సత్యముఁ బాపముచేత బొంకుచేఁ
బారముఁ బొందలేక చెడబాఱినదైన యవస్థ దక్షు లె
వ్వార లుపేక్ష సేసి రది వారల చేటగుఁ గాని ధర్మ ని
స్తారకమయ్యు సత్య శుభదాయకమయ్యును దైవ ముండెడిన్

ముప్ఫైరెండు అక్షరాలు ఎనభై అయ్యాయి. సంస్కృతంలో ‘ప్రేక్షమాణానాం’, చూస్తూ ఉన్నవారు. తిక్కనలో ‘ఉపేక్ష’, పట్టించుకోకుండా ఊరుకోవడం. రెండింటిలోనూ ‘ఈక్ష్’ అన్న ధాతువు ఒక్కటే, ముందున్న ఉపసర్గ మారింది. చూపు ఉపేక్షగా మారింది. అంతేకాదు, ఊరుకున్నవాళ్ళు ‘దక్షులు’ అన్నాడు తిక్కన, ఆపగలిగి కూడా ఆపనివారని. సంస్కృత శ్లోకంలో ఆ మాట లేదు. ‘హతాస్తత్ర’ అన్న మాటలోని దెబ్బ తెలుగులో ‘చేటగు’ అని కొంచెం మెత్తబడింది, దానికి బదులుగా చివర ‘దైవముండెడిన్’ అన్న భరోసా వచ్చింది. అక్కడే మూలంలో, గట్టున పుట్టిన చెట్లను నది కూల్చినట్లు ధర్మం అటువంటి సభాసదులను కూల్చివేస్తుందన్న ఉపమానం కూడా ఉంది. ఏది గొప్పది అని తూకం వేయను. ఇవి రెండూ పక్కపక్కన పెట్టుకొని చదివినవారికి భీష్మద్రోణులు ఆ సభలో ఎలా కూర్చున్నారో రెండు వైపుల నుండి కనబడుతుంది. మీవారికి తెలుగు మీద అంత ఇష్టం ఉంటే ఆయనను తిక్కన చదవమనండి, మీరు వ్యాసుడిని చదవండి. తిరుమల తిరుపతి దేవస్థానం వారు కవిత్రయ భారతాన్ని ప్రతిపదార్థ తాత్పర్యాలతో అచ్చువేశారు. భోజనాల దగ్గర మాట్లాడుకోవడానికి ఏళ్ళకు సరిపడా ఉంటుంది.

అత్తగారి భయం గురించి ఎక్కువ చెప్పను. పెద్దవారు, వాదించి నొప్పించవద్దు. తింటే గారెలు తినాలి, వింటే భారతం వినాలి అన్నది మన నానుడే. వానల కోసం విరాటపర్వం చదివించే ఆచారమూ మనదే. భారతం తనను తాను ‘జయ’మని పిలుచుకుంది, గెలుపు కోరేవారు దీనిని వినాలని చెప్పింది. ఇవి ఆమెకు నెమ్మదిగా చెప్పండి. ఆ మీదట భారతాన్ని నలోపాఖ్యానంతో మొదలుపెట్టండి. అరణ్యపర్వంలో, జూదంలో అంతా పోగొట్టుకున్న ధర్మరాజును ఓదార్చడానికి బృహదశ్వుడు చెప్పిన కథ అది. అక్కడ యుద్ధం లేదు, దాయాదుల పోరు కన్నా దమయంతి తెలివి, నిలకడ ఎక్కువగా ఉన్నాయి. ‘ఆసీద్రాజా నలో నామ వీరసేనసుతో బలీ’ అని మొదలవుతుంది. ‘ఆసీత్’ అంటే ఉండెను అని చెబితే మిగిలినదంతా మీకు తెలిసినదే. ఆ శ్లోకాలు తేలిక, కథ వేగంగా నడుస్తుంది. ఐరోపాలో సంస్కృతం నేర్చుకున్నవారికి జర్మన్ పండితుడు ఫ్రాంజ్ బాప్ 1819లో అచ్చువేసి ఇచ్చినదీ ఈ కథనే. మీరు ప్రతిరోజూ మధ్యాహ్నం పూట చదివి, అత్తగారికి ఆ రోజు కథ తెలుగులో చెప్పండి. రేపు ఏమైందని ఆమే అడుగుతారు.

చివరగా, మీరు అడగకపోయినా చెప్పవలసినది ఒకటి ఉంది. పారాయణ వేరు, చదువు వేరు. పారాయణకు మొదటి సర్గతో ఆరంభించడం వంటి నియమాలు ఉన్నాయి, వాటిని మీ ఇంటి పెద్దలు చెప్పినట్లు పాటించండి. చదువుకు ఆ పట్టింపు లేదు. సుందరకాండ అరవై ఎనిమిది సర్గలు, దాదాపు 2,800 శ్లోకాలు. రోజుకు అయిదు చొప్పున మొత్తం చదవాలంటే ఏడాదిన్నర పడుతుంది. మొదట్లోనే అంత దూరం చూస్తే కాళ్ళు సాగవు. టికెట్టు ఉన్నచోటనే, పన్నెండవ సర్గతోనే మొదలుపెట్టండి. అక్కడి నుండి పదిహేనవ సర్గ నడిమి వరకు శ్లోకాలు రెండువందలలోపే ఉంటాయి, నలభై రోజులు చాలు. పదమూడవ సర్గలో హనుమంతుడు ప్రాణాలు విడుద్దామా అన్నంత వరకు వెళ్ళి వెనక్కి వస్తాడు. పద్నాలుగవ సర్గలో అశోకవనంలో చెట్టు నుండి చెట్టుకు దూకుతాడు. పదిహేనవ సర్గలో, మాసిన చీరతో, రాక్షసస్త్రీల నడుమ, ఉపవాసాలతో చిక్కి, మాటిమాటికీ నిట్టూరుస్తున్న సీతను మొదటిసారి చూస్తాడు:

దదర్శ శుక్లపక్షాదౌ చంద్రరేఖామివామలామ్ |

‘చంద్రరేఖామ్ ఇవ అమలామ్’ అని విడదీసుకోండి, నిర్మలమైన చంద్రరేఖలా ఉన్న ఆమెను చూశాడు. సన్నబడిన మనిషిని చంద్రరేఖతో పోల్చడానికి కృష్ణపక్షం చివరి రోజులు సరిపోతాయి, రెండూ చూపులకు ఒకేలా ఉంటాయి. వాల్మీకి ‘శుక్లపక్షాదౌ’ అన్నాడు, పెరిగే పక్షం మొదట్లో అని.